యజమాని నుండి ముతవల్లీ వరకు
హమ్‌దర్ద్ దవాఖానా చరిత్రలో వ్యాపారస్తులకు పాఠాలు

ఒక దుకాణం తెరచి, శ్రమించి, నాలుగు డబ్బులు గడించినవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఆ దుకాణం కొడుకుల చేతికి వచ్చేసరికి ముక్కలు కావడం, మనుమల కాలానికి పేరు మాత్రమే మిగలడం కూడా అంతే సాధారణంగా కనిపిస్తుంది. నూరేళ్ళు దాటి నిలచిన సంస్థలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. అవి ఏ కారణాల వల్ల నిలిచాయి అన్నది ఆర్థిక చరిత్రకు సంబంధించిన ప్రశ్నే గాక ధార్మిక దృష్టితో కూడా ఆలోచింపదగిన ప్రశ్న. సంపద మనిషి చేతిలో ఉన్న అమానతు అని ఇస్లాం బోధిస్తుంది. అమానతును కాపాడడమెలాగో తెలియనివాడు దానిని సంపాదించడంలో ఎంత నేర్పరి అయినా అతని పని సగమే పూర్తయినట్లు.

ముస్లిం వర్తకుల చరిత్రలో ఈ ప్రశ్నకు ప్రత్యేక స్థానం ఉంది. బస్రా, సీరాఫ్, ఆదెన్ రేవుల నుండి కాలికట్ మీదుగా మలక్కా వరకు హిందూ మహాసముద్ర వర్తకంలో శతాబ్దాలపాటు వారి ఓడలు తిరిగాయి. ఈజిప్టులో 'కారిమీ' వర్తకులని పేరు పొందినవారు మిరియాలు, సుగంధద్రవ్యాల వ్యాపారంలో సుల్తానులకే అప్పులిచ్చేటంత స్థాయికి ఎదిగారు. 15వ శతాబ్దంలో మమ్లూక్ సుల్తాను బర్స్‌బాయ్ మిరియాల వర్తకాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి తీసుకున్న తరువాత వారి ప్రాభవం క్షీణించింది. అంతటి ధనవంతులు నడిపిన వర్తక గృహాలలో ఒక్కటైనా ఆధునిక కాలం వరకు నిలవలేదు.

ఇందుకు భిన్నంగా, 1906లో ఢిల్లీలో ఒక హకీము తెరచిన చిన్న మందుల దుకాణం దేశవిభజనను తట్టుకొని, మూడు దేశాలలో మూడు సంస్థలుగా నేటికీ నడుస్తున్నది. దాని పేరు హమ్‌దర్ద్. బాధలో పాలు పంచుకొనేవాడు అని ఆ మాటకు అర్థం.

వ్యాపారంలో అమానతు

హమ్‌దర్ద్ చరిత్రలోకి వెళ్ళేముందు, అది ఏ సంప్రదాయానికి చెందినదో తెలుసుకోవడం అవసరం. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా (రహ్మ) క్రీ.శ. 699లో జన్మించి 767లో పరమపదించారు. ఆయన కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకులు. పాలకుల బహుమానాల మీద ఆధారపడకుండా తన వ్యాపారం మీదనే జీవించారు.

ఆయన జీవితచరిత్రకారులు ఒక సంఘటన చెబుతారు. తన భాగస్వామికి సరుకు పంపుతూ, అందులో ఒక వస్త్రానికి లోపమున్నదనీ, కొనేవారికి ఆ లోపం చూపించి మరీ అమ్మాలనీ ఇమాం గారు చెప్పారు. భాగస్వామి సరుకంతా అమ్మాడు గాని ఆ మాట మరచిపోయాడు. కొన్నవారెవరో తెలుసుకొనే వీలు లేకపోయింది. అప్పుడు ఇమాం గారు ఆ సరుకు మీద వచ్చిన పైకమంతా దానం చేసివేశారు.

ఈ సంఘటనను సాధారణంగా ఆయన దైవభీతికి ఉదాహరణగా చెబుతారు. వ్యాపార దృష్టితో చూసినా ఇందులో గొప్ప పాఠముంది. దుకాణం పేరు ఆయనకు ఆ ఒక్క బేరం మీద వచ్చిన పైకం కంటె విలువైనది. సరుకు లోపాన్ని దాచిన డబ్బు చేతిలో ఉంచుకోవడమంటే రేపటి నమ్మకాన్ని ఈనాడే ఖర్చు చేయడం. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పుల వ్రాతపత్రాలకూ సాక్షులకూ సంబంధించినదే కావడం ఈ సందర్భంలో గమనార్హం. లెక్క వ్రాసిపెట్టడం, తూకం సరిగా ఉంచడం, లోపం చెప్పడం, ఈ మూడూ ముస్లిం వర్తకునికి ఆరాధనలతో పాటు నేర్పబడిన విషయాలే.

వర్తక గృహాలు ఎందుకు విచ్ఛిన్నమైనాయి?

నిజాయితీ ఇంత ప్రధానమైన సంప్రదాయంలో వ్యాపార సంస్థలు ఎందుకు దీర్ఘకాలం నిలవలేదు? ఇందుకు సంస్థ నిర్మాణంలోనే ఒక కారణం కనిపిస్తుంది. పూర్వపు వర్తకంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది 'ముజారబా' పద్ధతి. ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభం ఒప్పందం ప్రకారం పంచుకుంటారు. ఒక ఓడ ప్రయాణానికీ, ఒక బిడారు ప్రయాణానికీ ఇది మిక్కిలి అనుకూలమైనది. కాని భాగస్వాములలో ఒకరు మరణిస్తే ఆ ఒప్పందం ముగిసిపోతుంది. మరణించినవాని ఆస్తి వారసులకు వారి వారి వాటాల ప్రకారం చెందుతుంది.

వారసత్వ నియమాల ఉద్దేశం స్పష్టమైనది. సంపద ధనికుల మధ్యనే తిరుగాడకూడదు. కుమార్తెకూ, తల్లికీ, భార్యకూ కూడా నిర్ణీతమైన హక్కు అందాలి. ఈ న్యాయం విషయంలో రాజీ లేదు. అయితే పొలాన్నీ బంగారాన్నీ పంచినట్లు నడుస్తున్న వ్యాపారాన్ని పంచడం సాధ్యం కాదు. దుకాణంలోని అలమారలు ఒకరికీ, త్రాసు ఒకరికీ, ఖాతాదారులు మరొకరికీ చెందితే దుకాణమే మిగలదు. టర్కీ మూలానికి చెందిన ఆర్థిక చరిత్రకారుడు తిమూర్ కురాన్ 21వ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో ఈ విషయాన్ని విపులంగా చర్చించారు. పశ్చిమాసియాలో పెద్ద కంపెనీలు పుట్టకపోవడానికి భాగస్వామ్య నియమాలూ, ఆస్తి విభజనా ముఖ్య కారణాలని ఆయన వాదన. ఆయన నిర్ణయాలన్నిటినీ పండితులందరూ అంగీకరించలేదు. అయినా సమస్య ఉన్నదన్న సంగతి ఏ బజారులో విచారించినా తెలుస్తుంది.

అదే సంప్రదాయంలో దీనికి ఒక పరిష్కారం కూడా ఉన్నది. దాని పేరు వక్ఫు. హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో మంచి భూమి లభించింది. దానిని ఏమి చేయాలని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. మూలాన్ని అలాగే ఉంచి, దాని ఫలాన్ని దానం చేయవలసిందిగా దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ విధంగా ఆ భూమి అమ్మకానికీ, బహుమానానికీ, వారసత్వానికీ అతీతమైపోయింది. మూలం నిలిచి ఉంటుంది, ఫలం పంచబడుతూ ఉంటుంది. వక్ఫు వ్యవస్థకు ఇదే పునాది.

భూములూ భవనాలూ వక్ఫు కావడం అందరికీ తెలిసినదే. చరాస్తి సంగతేమిటి? ఉస్మానియా సామ్రాజ్యంలో 16వ శతాబ్దంలో నగదు వక్ఫుపై పెద్ద వివాదం సాగింది. ప్రధాన ముఫ్తీ అబుస్సుఊద్ దానిని సమర్థించగా, బిర్గివీ అనే పండితుడు తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆచరణలో నగదు వక్ఫులు విస్తారంగా వ్యాపించాయి. భారతదేశంలో బ్రిటిష్ కాలంలో మరొక చిక్కు వచ్చింది. 1894లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, కుటుంబ ప్రయోజనమే ప్రధానంగా ఉండి బీదల ప్రయోజనం నామమాత్రంగా ఉన్న వక్ఫు చెల్లదని తీర్పు చెప్పింది. ముస్లింలలో దీనిపై చాలా అసంతృప్తి చెలరేగింది. ముహమ్మద్ అలీ జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు ఫలితంగా 1913లో ముస్లిం వక్ఫు ధ్రువీకరణ చట్టం వచ్చింది. అంతిమ ప్రయోజనం బీదలకు లేదా ధర్మకార్యాలకు చెందేటట్లయితే, కుటుంబ పోషణ కోసం చేసిన వక్ఫు కూడా చెల్లుతుందని ఆ చట్టం స్పష్టం చేసింది.

ఢిల్లీ దుకాణం

హాఫిజ్ హకీం అబ్దుల్ మజీద్ 1883లో పీలీభీత్‌లో జన్మించారు. 1906లో పాత ఢిల్లీలోని హౌజ్ ఖాజీ ప్రాంతంలో హమ్‌దర్ద్ దవాఖానా ప్రారంభించారు. అది యూనానీ వైద్యానికి కష్టకాలం. ప్రభుత్వాదరణ పాశ్చాత్య వైద్యానికి లభిస్తున్నది. ఢిల్లీలోనే హకీం అజ్మల్ ఖాన్ యూనానీ వైద్యాన్ని పునరుద్ధరించే ఉద్యమం నడుపుతున్నారు. హకీము నాడి చూచి చీటీ వ్రాస్తే అత్తారు దుకాణంలో మూలికలు కొని, ఇంట్లో నూరి, కాచి, వడబోసుకోవడం ఆనాటి అలవాటు. మూలిక అసలుదో కాదో, పాళ్ళు కుదిరాయో లేదో రోగికి తెలిసేది కాదు. శుద్ధమైన మందు, ఒకే పాళ్ళలో, సరసమైన ధరకు తయారుగా దొరకాలన్నది అబ్దుల్ మజీద్ ఆశయం. ఆయన వ్యాపారానికి మూలధనం ఈ ఒక్క ఆలోచనే.

మరుసటి ఏడు, అనగా 1907లో, ఢిల్లీ వేసవిలో వడగాడ్పుకు తట్టుకొనేందుకు పండ్లు, పూలు, మూలికలతో ఒక షర్బత్ తయారుచేశారు. దానికి రూహ్ అఫ్జా అని పేరు పెట్టారు. ప్రాణానికి ఉత్తేజాన్నిచ్చేది అని అర్థం. పూలూ పండ్లూ చిత్రించిన రంగుల లేబుల్‌ను మీర్జా నూర్ అహ్మద్ అనే చిత్రకారుడు 1910లో రూపొందించాడు. అంతటి రంగుల ముద్రణ అప్పుడు ఢిల్లీలో సాధ్యం కానందున బొంబాయిలో అచ్చు వేయించవలసి వచ్చింది. చిన్న దుకాణదారుడు ఒక లేబుల్ కోసం బొంబాయి దాకా వెళ్ళడం దుబారాగా తోచవచ్చు. కాని సీసాలో ఉన్నదేమిటో చదువు రానివారు కూడా దూరం నుండే గుర్తుపట్టేటట్లు చేసింది ఆ లేబులే. నకిలీ సరుకు నుండి కొనేవానిని కాపాడడం కూడా అమ్మేవాని బాధ్యతలోనిదే.

1922లో అబ్దుల్ మజీద్ నలభై యేండ్లయినా నిండకుండానే పరమపదించారు. పెద్ద కుమారుడు అబ్దుల్ హమీద్‌కు అప్పుడు పధ్నాలుగవ యేడు. చిన్న కుమారుడు ముహమ్మద్ సయీద్‌కు రెండేళ్ళు. మామూలుగా ఇట్టి సమయంలోనే దుకాణాలు మూతపడతాయి. బంధువులు పంచుకోవచ్చు, గుమాస్తాలు మింగవచ్చు, అప్పులవాళ్ళు తాళం వేయవచ్చు. హమ్‌దర్ద్‌ను అప్పుడు నిలబెట్టినది స్థాపకుని భార్య రాబియా బేగం. ఆ గృహిణి దవాఖానాను చేయిజారనివ్వక నడిపించి, కుమారుణ్ణి క్రమంగా ఆ బాధ్యతలోకి తీసుకువచ్చింది. పెద్ద సంస్థల చరిత్రలు స్థాపకుల ప్రతిభను గూర్చి ఎంతో వ్రాస్తాయి. స్థాపకుడు లేని తరువాతి పదేళ్ళు ఎవరు కాపాడారన్న సంగతి మాత్రం తరచు ఒక్క వాక్యంతో సరిపెడతాయి. వాస్తవానికి సంస్థ బ్రతుకుతుందా లేదా అన్నది తేలేది ఆ పదేళ్ళలోనే.

హకీం అబ్దుల్ హమీద్ యౌవనంలోనే పూర్తి బాధ్యత వహించి, దుకాణాన్ని కర్మాగారంగా మార్చారు. మాజూన్లు, షర్బత్‌లు, అర్క్‌లు చేతి అంచనా మీద గాక నిర్ణీత ప్రమాణాల మీద తయారు కాసాగాయి. రోగి ఒకసారి కొన్న మందు గుణమూ, రెండవసారి కొన్న మందు గుణమూ ఒకటిగానే ఉండాలన్న తండ్రి ఆశయం యంత్రాల సహాయంతో నెరవేరింది. తమ్ముడు ముహమ్మద్ సయీద్ ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో చదివి అన్నతో చేరారు.

1948: విభజన, వక్ఫు

1947లో దేశం విభజింపబడింది. ఢిల్లీలో అల్లర్లు చెలరేగి ముస్లిం కుటుంబాలు వేల సంఖ్యలో ఇళ్ళు విడిచాయి. పాత ఢిల్లీలో స్థిరపడిన వ్యాపారస్తులకు నిలవడమా, వెళ్ళడమా అన్న ప్రశ్న ఎదురైంది. ఆ ప్రశ్నకు ఒకే ఇంట్లో రెండు సమాధానాలు వచ్చాయి. అన్న ఢిల్లీలోనే నిలిచారు. తమ్ముడు 1948 జనవరి 9న, తన ఇరవై ఎనిమిదవ పుట్టినరోజున, కరాచీకి ప్రయాణమయ్యారు. అక్కడ ఒక చిన్న వైద్యశాలతో హమ్‌దర్ద్‌ను మళ్ళీ మొదటి నుండి ప్రారంభించారు.

అదే 1948లో హకీం అబ్దుల్ హమీద్ ఢిల్లీలోని హమ్‌దర్ద్‌ను వక్ఫు చేశారు. 1953లో హకీం సయీద్ పాకిస్తాన్‌లోని హమ్‌దర్ద్‌ను వక్ఫు చేశారు. ఇద్దరు సోదరులు రెండు దేశాలలో ఉండి ఒకే నిర్ణయానికి రావడం కేవలం యాదృచ్ఛికం కాదు. ఇద్దరూ తమ కళ్ళ ముందు చూసినది ఒక్కటే. తరాలుగా కూడబెట్టిన ఆస్తులు కొద్ది వారాలలో చేతులు మారిపోయాయి. వ్యక్తి సొంతమన్నది ఎంత బలహీనమైనదో తేటతెల్లమైంది.

ఈ నిర్ణయం తరువాత వారి స్థానం మారింది. మునుపు వారు యజమానులు. ఇప్పుడు ముతవల్లీలు, అనగా ధర్మకర్తలు. సంస్థను అమ్ముకొనే హక్కు, పంచుకొనే హక్కు వారికి లేవు. ఆదాయంలో అధికభాగం విద్యకూ, వైద్యానికీ, పరిశోధనకూ వెచ్చింపబడాలి. పని మాత్రం మునుపటి వలెనే చేయాలి. పొలం వక్ఫు చేసినవాడు కౌలు వసూలు చేసుకుంటే సరిపోతుంది. కర్మాగారాన్ని వక్ఫు చేసినవాడు ప్రతి ఉదయం వెళ్ళి దానిని నడపాలి, కొత్త మందులు కనుగొనాలి, పోటీకి తట్టుకోవాలి. పాత వక్ఫులలో అనేకం వాకిఫ్ నిర్ణయించిన నిబంధనలకు బంధింపబడి కాలంతో పాటు మారలేక శిథిలమైనాయి. హమ్‌దర్ద్‌లో వక్ఫు అయినది నడుస్తున్న వ్యాపారమే గనుక, మారుతూ ఉండక తప్పని స్థితి దానికి ఏర్పడింది.

లాభం ఎక్కడికి పోయింది?

వక్ఫు పత్రం వ్రాయడం సులభం. దాని ఫలం కంటికి కనిపించినప్పుడే ఆ పత్రానికి విలువ. హకీం అబ్దుల్ హమీద్ ఢిల్లీ శివార్లలోని తుగ్లకాబాద్‌లో స్థలం సేకరించి, 1960లలో వైద్యచరిత్ర పరిశోధన సంస్థ, యూనానీ వైద్య కళాశాల, ఇస్లామీయ అధ్యయన సంస్థలను స్థాపించారు. దానధర్మాల నిర్వహణకు 1964లో హమ్‌దర్ద్ నేషనల్ ఫౌండేషన్ ఏర్పడింది. 1969లో నిజాముద్దీన్‌లో గాలిబ్ అకాడమీ వెలసింది. తుగ్లకాబాద్‌లోని సంస్థలన్నీ కలసి 1989లో జామియా హమ్‌దర్ద్ అనే పేరుతో విశ్వవిద్యాలయ స్థాయి పొందాయి. మందుసీసా మీద వచ్చిన లాభం మీద ఒక విశ్వవిద్యాలయం లేచిందన్నమాట. భారత ప్రభుత్వం ఆయనను 1965లో పద్మశ్రీతోనూ, 1992లో పద్మభూషణ్‌తోనూ గౌరవించింది. అంతటి సంస్థకు అధిపతి అయికూడా ఆయన నిరాడంబర జీవనానికి పేరు పొందారు.

కరాచీలో హకీం సయీద్ పద్ధతి కూడా ఇట్టిదే. ఆయన రోగుల వద్ద రుసుము తీసుకొనేవారు కాదు. కరాచీలోనే గాక ఇతర నగరాలలో కూడా నియమిత దినాలలో రోగులను చూసేవారు. పిల్లల కోసం 'నౌనిహాల్' పత్రిక నడిపారు. అల్-బీరూనీ రచించిన ఔషధ గ్రంథాన్ని 1973లో ఆంగ్లంలో వెలువరించారు. 1991లో హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. 1993-94లో కొన్ని నెలలు సింధు గవర్నరుగా ఉన్నారు. 1998 అక్టోబరు 17 ఉదయం తన వైద్యశాల వద్దనే దుండగుల కాల్పులకు బలియైనారు. మరుసటి ఏడు, 1999 జూలైలో, ఢిల్లీలో అన్నగారు పరమపదించారు. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడినప్పుడు అక్కడి హమ్‌దర్ద్ శాఖ కూడా వేరు సంస్థగా మారి, వక్ఫుగానే కొనసాగింది.

న్యాయస్థానంలో ఒక పాఠం

పెద్ద సంస్థల చరిత్రను పొగడ్తలతో నింపడం వల్ల చదువరికి ప్రయోజనం లేదు. హమ్‌దర్ద్‌కు ఎదురుదెబ్బలు కూడా తగిలాయి. మందులకు అద్భుత శక్తులున్నట్లు ప్రకటించడాన్ని అరికట్టేందుకు 1954లో భారత ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కొన్ని వ్యాధుల పేర్లు చెప్పి మందులను ప్రకటించడాన్ని ఆ చట్టం నిషేధించింది. ఇది తమ భావప్రకటన స్వాతంత్ర్యానికి భంగకరమని హమ్‌దర్ద్ సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 1959 డిసెంబరులో తీర్పు వచ్చింది. సరుకు అమ్ముకొనేందుకు చేసే ఇట్టి ప్రకటనకు భావప్రకటన స్వాతంత్ర్యం వర్తించదని కోర్టు చెప్పింది. అయితే వ్యాధుల జాబితాను ఇష్టానుసారం పెంచుకొనేందుకు ప్రభుత్వానికి అపరిమితాధికారమిచ్చిన భాగాన్నీ, సరుకును స్వాధీనం చేసుకొనే అధికారానికి సంబంధించిన భాగాన్నీ కొట్టివేసింది.

ఉభయ పక్షాలకూ కొంత కొంత దక్కిన ఈ తీర్పు భారత న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివే కేసులలో ఒకటి. వ్యాపారస్తునికి ఇందులోని పాఠం ఇమాం అబూ హనీఫా (రహ్మ) వస్త్రం పాఠం వంటిదే. సరుకు ఎంత మంచిదైనా, దానిని గూర్చి చెప్పే మాటకు వేరుగా లెక్క చెప్పవలసి ఉంటుంది. వస్త్రంలో లోపం దాచడం ఎట్టిదో, మందుకు లేని గుణం చెప్పడం అట్టిదే.

జేనా నగరంలో ఇట్టిదే మరొక కథ

యజమాని తన హక్కు వదులుకొని సంస్థకు ఆయువు పోయడం ముస్లింలలోనే జరిగినది కాదు. జర్మనీలోని జేనా నగరంలో కార్ల్ జైస్ 1846లో సూక్ష్మదర్శినులు తయారుచేసే చిన్న పనిశాల పెట్టాడు. ఆయన భాగస్వామి ఎర్నస్ట్ అబ్బే గొప్ప భౌతిక శాస్త్రవేత్త. నూలు మిల్లు కార్మికుని కొడుకు. తండ్రి రోజుకు పధ్నాలుగు, పదహారు గంటలు నిలబడి పనిచేయడం చిన్నతనంలో చూసినవాడు. జైస్ మరణించిన మరుసటి ఏడు, 1889లో, అబ్బే ఒక ధర్మసంస్థను స్థాపించి, సంస్థ యాజమాన్యాన్ని దానికి అప్పగించాడు. 1900లో అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ చీలిపోగా జైస్ సంస్థ కూడా తూర్పున ఒకటి, పడమట ఒకటిగా చీలింది. పేరు కోసం రెండింటి మధ్య ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 1990లో జర్మనీ ఏకమైన తరువాత అవి మళ్ళీ కలిశాయి. సరిహద్దు గీత మధ్యగా పోయినా సంస్థ చావలేదు. హమ్‌దర్ద్‌కు, జైస్‌కు భాష వేరు, మతం వేరు, సరుకు వేరు. సంస్థ ఎవరి సొత్తూ కాదన్న నియమం మాత్రం ఒక్కటే.

హైదరాబాదులో మరొక త్రోవ

ఇట్టి సంస్థలను గూర్చి మాట్లాడేటప్పుడు తెలుగు పాఠకులకు వెంటనే స్ఫురించే పేరు జిందా తిలిస్మాత్. 1920లో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో ప్రారంభించిన ఈ మందు జలుబుకూ, తలనొప్పికీ, కడుపునొప్పికీ ఇంటింటా వాడబడింది. సీసా మీది హబ్షీ బొమ్మ నిజాం కొలువులోని ఆఫ్రికా సైనికులను గుర్తుచేస్తుంది. పల్లెలో అక్షరం రాని అవ్వ కూడా ఆ బొమ్మ చూపించి మందు అడగగలిగేది. ఫారూఖీ పళ్ళపొడి కూడా ఆ కార్ఖానాదే.

ఈ సంస్థ హమ్‌దర్ద్ వలె విస్తరించలేదు. ఎన్నో రకాల సరుకులు తయారుచేయలేదు. కుటుంబ నిర్వహణలోనే ఉండి, కొద్ది సరుకులనే పట్టుకొని, 2020లో నూరేళ్ళు పూర్తి చేసుకున్నది. 1948లో హైదరాబాదు సంస్థానం అంతరించింది. ఆసఫ్‌జాహీ కొలువు పోయింది. రాష్ట్రాల సరిహద్దులు మారాయి. సీసా మీది బొమ్మ మాత్రం మారలేదు. అందరూ వక్ఫు చేయనక్కరలేదనీ, కొనేవాని నమ్మకాన్ని తరం తరువాత తరం చెడనివ్వకపోవడమే అసలు మూలధనమనీ దీనివలన తెలుస్తుంది.

వక్ఫు చేయలేనిది

వక్ఫు అన్ని జబ్బులకూ మందు కాదని కూడా హమ్‌దర్ద్ చరిత్రే చెబుతున్నది. హకీం అబ్దుల్ హమీద్ తరువాతి తరాలలో ముఖ్య ముతవల్లీ పదవిని గూర్చి వివాదం తలెత్తి ఢిల్లీ న్యాయస్థానాలకు చేరింది. 2019 రంజాను మాసంలో భారతదేశంలో అనేక చోట్ల రూహ్ అఫ్జా దొరకలేదు. కుటుంబ తగాదాయే కారణమని కొన్ని పత్రికలు వ్రాయగా, కొన్ని ముడిసరుకుల కొరత వల్ల అలా జరిగిందని సంస్థ తెలిపింది. కారణమేదైనా, నూరేళ్ళుగా ఇఫ్తారు సమయంలో బల్లమీద ఉండే సీసా ఒక ఏడు కనిపించకపోయేసరికి జనం ఎంతగా కలవరపడ్డారో లోకం చూసింది. 2022లో, పాకిస్తాన్‌లో తయారైన రూహ్ అఫ్జాను ఆమెజాన్ భారతీయ విభాగంలో అమ్మరాదని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఒకే ఇంటి పేరు రెండు దేశాలలో రెండు సొత్తులైన ఫలితమిది.

వక్ఫు యాజమాన్యపు తగాదాను తొలగించగలదు. నిర్వహణాధికారపు తగాదాను తొలగించలేదు. ఆస్తిని పంచుకొనే వీలు లేనప్పుడు పదవి కోసం పోటీ పడే ప్రమాదం మిగిలే ఉంటుంది. కనుక ముతవల్లీ ఎవరు కావాలి, ఎట్టి అర్హతతో కావాలి, అతని లెక్కలు ఎవరు చూడాలి, అతడు తప్పితే తొలగించేదెవరు అన్న విషయాలు స్థాపకుడు బ్రతికి ఉండగానే స్పష్టంగా వ్రాసిపెట్టి, తరువాతివారిని ఆ పనిలో తీర్చిదిద్దడం అవసరం. అప్పు పుచ్చుకొన్నప్పుడే వ్రాసిపెట్టుకోవాలని ఆదేశించిన ధర్మం, అంతకంటె పెద్దదైన ఈ అమానతును నోటిమాటకు వదలమనదు.

ఉపసంహారం

ఈ చరిత్ర నుండి వ్యాపారస్తులు గ్రహింపదగిన విషయాలు క్లుప్తంగా ఇవి. ప్రజల నిజమైన అవసరం నుండి పుట్టిన వ్యాపారానికి బలం ఎక్కువ. మందు శుద్ధంగా దొరకడం లేదన్న బాధ నుండి హమ్‌దర్ద్ పుట్టింది. ఒకే నాణ్యతను ప్రతి దినమూ నిలబెట్టడం గొప్ప ఆలోచన చేయడం కంటె కష్టమైన పని. సంస్థ ఆయువు ఆ దినదిన శ్రమలోనే ఉంది. ఇంటి స్త్రీలకు వ్యాపారపు లెక్కలు తెలిసి ఉండడం ఆపత్కాలంలో ఇంటినీ, సంస్థనూ కాపాడుతుంది. రాబియా బేగం లేకపోతే రూహ్ అఫ్జా కథ 1922తోనే ముగిసేది. సరుకును గూర్చి చెప్పే మాట సరుకంత శుద్ధంగా ఉండాలి. లాభంలో సమాజానికి భాగముంటే, కష్టకాలంలో ఆ సమాజమే సంస్థకు అండగా నిలుస్తుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది, తన తరువాత ఏమవుతుందన్న ప్రశ్నను స్థాపకుడు తానే వేసుకొని, తానే సమాధానం వ్రాసిపెట్టడం.

ఈనాడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలలో ముస్లింలు నడిపే దుకాణాలు, కార్ఖానాలు వేలకొలది ఉన్నవి. వాటిలో ఎన్నింటికో పెద్దాయన తరువాత లెక్క పుస్తకం ఎవరి చేతికి పోతుందో తెలియదు. వారసత్వపు వాటాలు ధర్మప్రకారం చెల్లించడానికీ, వ్యాపారాన్ని ముక్కలు కాకుండా నిలపడానికీ వైరుధ్యం లేదు. వాటాలను డబ్బు రూపంలో నిర్ణయించి చెల్లించడం, కొంత భాగాన్ని వక్ఫు చేయడం, నిర్వహణను అర్హునికి అప్పగించి లెక్కలు అందరికీ చూపించడం వంటి మార్గాలు పండితులను సంప్రదించి ఎంచుకోదగినవి. చేతిలో ఉన్నది తనదని భావించినవాడు దానిని తన జీవితకాలం వరకే కాపాడగలడు. అది తనకు అప్పగింపబడినదని భావించినవాడు, దానిని ఎవరికి, ఏ స్థితిలో తిరిగి అప్పగించాలో మొదటి దినం నుండే ఆలోచిస్తాడు. ఢిల్లీలోని ఆ చిన్న దుకాణం నూరేళ్ళకు పైగా నిలవడంలోని రహస్యం ఇంతే.